చెరువులో వెలసిన నగరం

పెద్ద పట్నాలకు వెళ్ళినప్పుడు మీరు ఒక సంగతి గమనించే ఉంటారు. పట్నం నడిబొడ్డున అంగళ్ళూ, కచేరీలూ ఉంటాయి. అక్కడికి కాస్త దూరంలో ఇళ్ళ వరసలూ, వాటి నడుమ ఒక పార్కూ, ఒక గుడీ, ఒక బడీ ఉన్న పేటలు కనిపిస్తాయి. పొద్దున్నే ఆ ఇళ్ళలోంచి పెద్దలు కొలువులకూ, పిల్లలు బళ్ళకూ బయలుదేరుతారు.

ఇటువంటి పేటలు వాటంతట అవే మొలవవు. ఎవరో ఆలోచించి, నేల కొలిచి, వీధులు గీసి కట్టిస్తేనే ఏర్పడతాయి. అలా కట్టించిన పేట ఒకటి చెన్నపట్నంలో ఉంది. దాని పేరు త్యాగరాయనగరం. అందరూ "టీ నగర్" అంటారు. దాని కథలో తెలుగువాళ్ళ పాలు చాలా ఉంది.

ఇప్పటికి సుమారు నూరేళ్ళ కిందట ఆ చోట ఇళ్ళు లేవు, చెరువు ఉండేది. మౌంటు రోడ్డుకు పడమటగా, అటు నుంగంబాకం నుంచి ఇటు సైదాపేట వైపు దాకా సాగి ఉండేది గనక, ఇంగ్లీషువాళ్ళు దాన్ని "లాంగ్ టాంక్" అనేవారు. అంటే పొడుగు చెరువు. పట్నంలో జనం పెరిగారు, ఉండటానికి ఇళ్ళు చాలలేదు. 1923 ప్రాంతంలో ఆ చెరువు నీళ్ళు వదిలేసి, ఎండిన నేలమీద ఇళ్ళస్థలాలు వేశారు. నడుమ ఒక పార్కు వదిలి, దాని చుట్టూ అన్ని వైపులకూ రోడ్లు తీశారు.

ఆ పేటకు పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరు పెట్టారు. ఆయన 1852లో చెన్నపట్నంలోని ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. జస్టిస్ పార్టీని స్థాపించిన పెద్దలలో ఒకరు. 1920 ఎన్నికలలో ఆ పార్టీ గెలిచింది. మంత్రివర్గం ఏర్పాటు చెయ్యమని గవర్నరు పిలిస్తే, ఆయన ఆ పదవి తనకు వద్దని, మరొకరి పేరు చెప్పారు.

అయితే పిల్లలైన మీరు ఆయన్ను తలచుకోవలసింది మరొక పనికి. అదే 1920లో ఆయన చెన్నపట్నం కార్పొరేషను అధ్యక్షులుగా ఉన్నారు. ఆ పట్నంలోనే థౌజండ్ లైట్స్ అనే పేట ఉంది. అక్కడి కార్పొరేషను బడిలో పేదపిల్లలు చాలామంది ఖాళీ కడుపుతో వస్తున్నారు. కొందరు అసలే రావటం లేదు. వాళ్ళకు బడిలోనే ఫలహారం పెట్టాలని కార్పొరేషను తీర్మానించింది. ఒక్కొక్కరికి రోజుకు అణాకు మించకూడదన్నారు. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. ఫలహారం పెట్టటం మొదలయ్యాక బడికి వచ్చే పిల్లల సంఖ్య పెరిగింది. మరికొన్ని బళ్ళలో కూడా ఆ ఏర్పాటు చేశారు.

కాని ప్రాథమిక విద్యకని కేటాయించిన సొమ్ము తిండికి ఖర్చు పెట్టరాదని అప్పటి ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 1925లో ఆ పథకం ఆగిపోయింది. ఆ సంవత్సరమే త్యాగరాయ శెట్టిగారు కన్నుమూశారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళలో పనిచేసినవాణ్ణి గనక ఒక్క మాట చెప్పగలను. ఆకలితో వచ్చిన పిల్లవాడికి మూడో గంట కొట్టేసరికి నల్లబల్లమీది అక్షరాలు అలుక్కుపోయినట్టుంటాయి. వాడు మొద్దు కాడు, ఆకలిగొన్నవాడు. తిండి ఖర్చు వేరు, చదువు ఖర్చు వేరు అనుకున్నవాళ్ళకు ఈ సంగతి తట్టలేదు. ఆ ఆలోచన మాత్రం చావలేదు. 1956లో కామరాజుగారు ముఖ్యమంత్రిగా ఉండగా మద్రాసు రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం పెద్దయెత్తున మొదలయింది. 2003 నుంచి మన తెలుగు పిల్లలకు కూడా బడిలో వండి పెడుతున్నారు. ఇవాళ మీరు బడి వరండాలో కంచం ముందు కూర్చున్నారంటే, ఆ అణా ఫలహారం దానికి ముత్తాత వంటిది.

త్యాగరాయనగరం నడుమ ఉన్న పార్కు పేరు పానగల్ పార్కు. పానగల్ రాజా అంటే పానగంటి రామరాయణింగారు. ఆయన 1866లో శ్రీకాళహస్తిలో పుట్టిన తెలుగువారు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రి. ఉస్మాన్ రోడ్డు, హబీబుల్లా రోడ్డు, నాయర్ రోడ్డు, జి. ఎన్. చెట్టి రోడ్డు అన్నీ ఆ కాలపు ప్రముఖుల పేర్లే. ఒక్క పేటలో తెలుగు, తమిళ, మలయాళ, ముస్లిము పెద్దల పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇళ్ళు కట్టగానే పేట అయిపోదు. పిల్లలకు బడి కావాలి. ఆ పేట బళ్ళలో శారదా విద్యాలయం చరిత్ర మీరు తెలుసుకోదగింది. దాన్ని మొదలుపెట్టినావిడ సోదరి సుబ్బలక్ష్మిగారు. ఆమె 1886లో పుట్టారు. పదకొండో ఏట పెళ్ళి చేశారు. కొద్దికాలానికే భర్త పోయాడు. ఆ రోజుల్లో అటువంటి పిల్లలను మూలగదిలో కూర్చోబెట్టి, ఆట, పాట, చదువు అన్నీ మానిపించేవారు. సుబ్బలక్ష్మిగారి తండ్రి అలా చెయ్యలేదు, చదివించారు. 1911లో ఆమె బి. ఏ. పట్టా పుచ్చుకున్నారు.

చదువు తనవరకు వస్తే చాలునని ఆమె అనుకోలేదు. 1912లో తనవంటి కొద్దిమంది బాలవితంతువులను చేరదీసి, వాళ్ళకు చదువు చెప్పటం మొదలుపెట్టారు. వాళ్ళలో ఎందరో పంతులమ్మలై తమ కాళ్ళమీద తాము నిలబడ్డారు. 1927లో ఆమె నెలకొల్పినదే శారదా విద్యాలయం. తరవాత దాన్ని రామకృష్ణా మిషన్‌వారు తీసుకున్నారు. ఒకనాడు గడప దాటనివ్వని ఆడపిల్లల కోసం పుట్టిన సంస్థ అది.

దక్షిణ భారత హిందీ ప్రచార సభ కూడా ఈ పేటలోనే ఉంది. 1918లో గాంధీజీ ప్రేరణతో చెన్నపట్నంలో మొదలైన ఈ పనికి తొలి ఉపాధ్యాయుడు ఆయన కుమారుడు దేవదాసు గాంధీ. దీన్ని పెంచి పెద్దచేసినవారిలో కృష్ణా జిల్లావాసి మోటూరి సత్యనారాయణగారు ముఖ్యులు.

1931లో చెన్నపట్నం బీచి నుంచి తాంబరం దాకా కరెంటు రైళ్ళు నడవసాగాయి. మాంబళం స్టేషను ఆ దారిలోనే ఉంది గనక, ఉద్యోగులు ఈ పేటలో కాపురముండి పట్నంలో కొలువు చేసిరావటం సులువయింది. రాజాజీ బజుల్లా రోడ్డులో ఉండేవారు. కోడంబాకం స్టూడియోలు దగ్గర గనక సినిమావాళ్ళూ వచ్చి చేరారు. నందమూరి తారక రామారావుగారి ఇల్లు కూడా ఆ బజుల్లా రోడ్డులోనే ఉండేది. గాయకుడు ఘంటసాలగారూ ఈ పేటవాసే.

ఇంతకూ ఆ చెరువు ఏమయింది? నీళ్ళు పోయినా పల్లం పల్లంగానే ఉంది. వానపడితే నీరు తన పాత దారినే వెతుక్కుంటుంది. పూర్వం ఆ నీరు చెరువులో నిలిచి, నేలలో ఇంకి, బావుల్లో ఊరేది. ఇప్పుడు నేలంతా సిమెంటూ తారూ కప్పేశాయి. ఇంకే చోటు లేదు. ఆ నీటినంతా అడయారు నదికి చేర్చటం మాంబళం కాలువ వల్ల కావటం లేదు. అందుకే 2015 డిసెంబరులోనూ, 2021 నవంబరులోనూ భారీ వానలు కురిసినప్పుడు ఆ వీధులు నీట మునిగాయి. రైలుకట్టకు పడమట ఉన్న మాంబళంలో "లేక్ వ్యూ రోడ్డు" అనే వీధి ఇప్పటికీ ఉంది. అంటే చెరువు కనబడే వీధి. చూడబోతే చెరువు లేదు, పేరు మాత్రం మిగిలింది.

ఇళ్ళు కావలసినమాట నిజమే. ఆ ఇళ్ళవల్ల ఎన్నో కుటుంబాలకు నీడ దొరికింది, బళ్ళు వచ్చాయి. కాని చెరువును పూడ్చేటప్పుడు ఆ నీరు ఎక్కడికి పోవాలని కూడా అడగాలి. ఆనాడు ఆ ప్రశ్నకు సరైన జవాబు చూడకపోవటంవల్ల మనుమలూ మునిమనుమలూ మోకాలిలోతు నీళ్ళలో నడవవలసివచ్చింది. మన ఊళ్ళలో ఇంకా మిగిలిన చెరువుల విషయంలోనైనా ఈ ప్రశ్న ముందే అడగాలి.

పిల్లలూ, మీరూ ఏదో ఒక పేటలోనే ఉంటారు. వచ్చే ఆదివారం మీ తాతగారినో, వీధిలోని పెద్దవారినో పట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి. మన వీధికి ఎవరి పేరు పెట్టారు, ఆయన ఏం చేశాడు? ఇళ్ళు రాకముందు ఇక్కడ ఏముండేది, పొలమా, తోటా, చెరువా? మన బడిని మొదట ఎవరు, ఎవరి పిల్లల కోసం పెట్టారు? జవాబులు ఒక నోటుబుక్కులో తారీకు వేసి రాసుకోండి. చెరువు ఉండేదని ఎవరైనా చెబితే, దాని అలుగు ఎటు పారేదో కూడా తప్పక అడగండి.