సంచి పోయి పట్టీ వచ్చింది

పిల్లలూ! మీరు పోర్ట్ లూయీ రేవును చూచే ఉంటారు. 1980కి పూర్వం అక్కడ చక్కెరను గోనెసంచులలో మోసేవారు. గోదాములోనుంచి పడవలోకి, పడవలోనుంచి ఓడలోకి చేర్చేవారు. కూలీలు సంచులను వీపున మోసేవారు. (కోరంగి రేవున ఓడలెక్కి వచ్చిన మన పూర్వులూ చెరకు తోటలలో పనిచేసినవారే. తెలుగువారికి ఇక్కడ ‘కొరింగీలు’ అనే పేరు ఆ రేవునుబట్టే వచ్చింది.)

సంచులు మాని, చక్కెరను రాశిగా పోసి, కదిలే పట్టీలమీద ఓడలోకి పంపే గిడ్డంగిని కట్టాలనుకొన్నారు. అటువంటిది కట్టేముందు ఎవరెవరి మాట వినాలో చెప్పగలరా? చెరకు నరికేది ఏటా కొన్ని నెలలే. మిల్లు చక్కెర తీసిననాడే ఓడ వస్తుందా? రాదు. అందుకే ఒక్కొక్కటి 1,75,000 టన్నులు పట్టే రెండు గిడ్డంగులు కట్టారు. ఓడవారికి లోతైన నీరు కావాలి. లారీలవారికి దారి కావాలి. చిన్న రైతుకు ఖర్చు తగ్గాలి.

ఇవన్నీ కొలిచి తేల్చవచ్చు. చిక్కంతా రేవు కూలీలతోనే. పట్టీ తిరిగితే వారి వీపుకు పని ఉండదు. మరి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? 1979లో చక్కెర పరిశ్రమలోను, రేవులోను సమ్మె జరిగింది. నన్నడిగితే, పట్టీ పొడవు కొలవకముందే ఆ కూలీలను పిలిచి కూర్చోబెట్టాలంటాను.

1980లో గిడ్డంగి పని మొదలుపెట్టింది. 2009లో యూరపుతో ఉన్న పాత చక్కెర ఒప్పందం ముగిసింది. ముడి చక్కెరకు బదులు శుద్ధిచేసిన తెల్ల చక్కెరను పంపడం హెచ్చింది. అది కంటైనర్లలో వెళుతుంది, మళ్ళీ సంచులకెక్కి!