బాహ్య హార్డ్ డిస్కుకు ఏ త్రోవ మేలు?

వెంకటగిరికోట మూడు రాష్ట్రముల సరిహద్దులకు చేరువనున్న ఊరు. బెంగుళూరులో ఉద్యోగము చేయు బిడ్డలు పండుగకు ఇల్లు చేరినపుడు పెండ్లి వీడియోలు, తాతగారి కంఠము, భూమి పత్రముల ప్రతులు ఒక చిన్న పెట్టెలోనికి ఎక్కించుకొని పోగోరుదురు. ఆ పెట్టెయే బాహ్య హార్డ్ డిస్కు. దానిని కంప్యూటరుకు కలుపు త్రోవ ఏదైన నేమి యని పెద్దలు మమ్ము అడుగుచుందురు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ నాలుగు మాటలు.

చెరువు ఎంత పెద్దదైనను తూము సన్నమైనచో పొలమునకు నీరు మెల్లగానే పారును. 2000లో వెలువడిన యు.ఎస్.బి. 2.0 అట్టి తూము. సెకనుకు 480 మెగాబిట్లని పేరేకాని, ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక లెక్కకు 60 మెగాబైట్లు. వాడుకలో దక్కునది సుమారు 35. ఈ లెక్కన 200 గిగాబైట్లు ఎక్కుటకు గంటన్నరకు పైగా పట్టును. 2008లో వచ్చిన యు.ఎస్.బి. 3.0 సెకనుకు 5 గిగాబిట్లు మోయగలదు. అయినను తిరుగు పళ్ళెముల డిస్కు సెకనుకు 100 మెగాబైట్లకు కొంచెము అటునిటుగా మాత్రమే ఇచ్చును. అందుచే పని అరగంటకు తగ్గును. తూమును ఇంకను వెడల్పు చేసిన లాభము లేదు. 2011లో వచ్చిన థండర్‌బోల్ట్ మరింత వేగమైనది. పళ్ళెములు లేని ఎస్.ఎస్.డి.కే దాని విలువ తెలియును.

వేగముతోనే విచారము ముగియదు. విద్యుత్తు సంగతి కూడ చూడవలెను. ఇ-సాటా వేగమున చాలినదే. కాని దాని తీగెలో సాధారణముగా విద్యుత్తు పారదు, వేరుగా అడాప్టరు కావలెను. మూడున్నర అంగుళముల డిస్కులకును అదే అవస్థ. కరెంటు పోయిన క్షణమున లాప్‌టాప్ బ్యాటరీపై నడచును గాని, డిస్కు వ్రాత మధ్యలోనే ఆగును. ఎక్కుచున్న ఫైలు చెడవచ్చును. రెండున్నర అంగుళముల డిస్కు యు.ఎస్.బి. తీగె నుండియే విద్యుత్తు గ్రహించును. కరెంటుకు నిలకడ లేని యింటికి ఇదియే శ్రేష్ఠము.

కొనుటకు ముందు ఇంటి కంప్యూటరుకు గల రంధ్రములను, బెంగుళూరులో బిడ్డ వాడు యంత్రము రంధ్రములను చూచుకొనవలెను. ఒకప్పుడు మెప్పు పొందిన ఫైర్‌వైర్ కొత్త యంత్రములలో కానరాదు. టైప్-సి యనునది రంధ్రపు ఆకారమే గాని వేగమునకు హామీ కాదు. ఫోను ఛార్జింగు తీగెలు పెక్కు యు.ఎస్.బి. 2.0 వేగమునకు మించవు. కావున డిస్కుతో వచ్చిన తీగెనే వాడుట మంచిది.

సామాన్య గృహస్థునకు మా సలహా యిది: యు.ఎస్.బి. 3.0 గల రెండున్నర అంగుళముల డిస్కు చాలును. పని ముగియగనే తీగె లాగక, కంప్యూటరులో విడుదల ఆజ్ఞ యిచ్చి తీయవలెను. మిగిలిన సొమ్ముతో రెండవ డిస్కు కొని, ఒకటి కోటలోను, ఒకటి బెంగుళూరులోను ఉంచుకొనుడు. ఎంత వేగముగల తీగెయైనను, చెడిపోయిన ఒకేయొక ప్రతినుండి తాతగారి కంఠమును మరల తెచ్చి యియ్యజాలదు.