బస్తీకి కాపురము మార్చుట: మేము వేసిన లెక్క

“మీరు బెజవాడ వెళ్లిపోతున్నారట గదా, అదృష్టవంతులు!” అని మా వీధిలో సగముమంది, “ఆ యెండల్లో, ఆ యిరుకు గదుల్లో యెట్లా వుంటారమ్మా!” అని తక్కిన సగముమంది మమ్ము పలుకరించుచుండగా 2025 వ సంవత్సరపు వేసవి గడచినది. ఉభయుల మాటలయందును నిజము కలదు. దూరపుకొండలు నునుపని పెద్దలు చెప్పిన మాట యెంత సత్యమో, కొండ దరికే పోనివారు దాని యెత్తు నెరుగరనుటయు నంతియే సత్యము. పల్లె విడిచి బస్తీకి పోవలెనా వలదా యను తర్జనభర్జన నేడు కృష్ణాడెల్టాలో ఎన్నియో యిండ్లలో జరుగుచున్నది. మేము వేసిన లెక్కయు, అందులో చేసిన పొరపాట్లును తెలిపినచో సోదరీమణులకు కొంత సాయపడునను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది దివిసీమలోని అవనిగడ్డ. మావారు జిల్లా పరిషత్తు ఉన్నతపాఠశాలలో లెక్కల ఉపాధ్యాయులు. ఒకే పాఠశాలలో ఎనిమిదేండ్లు నిండినవారికి బదిలీ తప్పనిది యగుటచే ఆ వేసవిలో వారికి స్థానచలనము నిశ్చయమైనది. కోరుకొనదగిన చోట్లు రెండు: దివిసీమలోనే మరియొక గ్రామము, లేదా బందరురోడ్డున విజయవాడకు శివారైన యొక గ్రామము. ఆ యేడే మా అమ్మాయి పదవతరగతి ముగించి, ఇంటర్మీడియేటులో సైన్సు చదివెదనని పట్టుబట్టెను. ఇంట పదేండ్ల చిన్నవాడు, అరువదియేడేండ్ల మా అత్తగారు. సొంతపు పెంకుటిల్లు, పెరడు, ఎకరము పొలము. ఇదియే మా సంసారము.

బెజవాడ మా సీమవారిని పిలుచుట క్రొత్త గాదు. 1852 లో ఆరంభించి 1855 లో ముగించిన కృష్ణ ఆనకట్టయే డెల్టాకు అన్నము పెట్టినది. దాని స్థానముననే 1957 లో ప్రకాశము బ్యారేజి వచ్చెను. బందరు, ఏలూరు, రైవీసు కాలువలు మూడును ఊరి నడుమనుండియే పారుచున్నవి. రైలుదారులు కలిసిన పిమ్మట ఆ యూరు గొప్ప కూడలియైనది. 1888 లో పురపాలకసంఘ మేర్పడెను. 2011 వ సంవత్సరపు లెక్కలనాటికి జనము పదిలక్షలు మించిరి. పూర్వము మా పల్లెలనుండి కాలువవెంట ధాన్యపు పడవలు బెజవాడకు పోయెడివి. ఇప్పుడు అదే దిక్కునకు మా పిల్లలు పోవుచున్నారు.

అవనిగడ్డనుండి బస్సెక్కినచో చల్లపల్లి, కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు దాటి విజయవాడ చేరుటకు రెండుగంటలకు పైగా పట్టును. శ్రీకృష్ణదేవరాయలవారు విజయవాడలో విడిసి, అటనుండి మా చెంతనున్న శ్రీకాకుళమునకు వచ్చి ఆంధ్రవిష్ణువును సేవించినట్లు ఆముక్తమాల్యద చెప్పుచున్నది. చక్రవర్తి నగరమునుండి పల్లెకు వచ్చిన త్రోవనే మేము ఎదురుగా పోవలసివచ్చెనని మావారితో హాస్యమాడితిమి. వారు నవ్వి, “ఆయనకు ఇంటద్దె లేదు గదా!” అనిరి.

పిమ్మట వారు కాగితమొకటి తీసి నడుమ నిలువుగీత గీసిరి. కుడివైపు లాభములు: బడి దగ్గర, ఇంటియద్దె భత్యము కొంత హెచ్చు, అమ్మాయికి కళాశాల, పెద్ద ఆసుపత్రులు, కొళాయిలో కృష్ణనీరు. దివిసీమలో పెక్కుచోట్ల బావినీరు ఉప్పనగుటచే ఈ చివరిదానిని మేమును చిన్నదిగా నెంచలేదు. ఎడమవైపు నష్టములు: ఇంటియద్దె, పాలు కూరలు కొనవలసియుండుట, ఇరుకు, తెల్లదొరలు బ్లేజువాడయని వేళాకోళమాడినంతటి యెండలు, ఇరుగుపొరుగు లేకుండుట. రెండువైపుల పద్దులును ఐదైదు. మావారు కలము క్రిందబెట్టి, “సమానము” అనిరి.

మేము ఆ కాగితమును పరికించి, “ఇందులో ఒక గడి తక్కువైన”దని చెప్పి, ప్రతి పద్దు చెంతను “ఎవరికి?” అని వ్రాసితిమి. అప్పుడు సంగతి బయటపడినది. లాభములలో హెచ్చుభాగము ఉదయము ఎనిమిదిగంటలకు గడపదాటి పోవువారివి. నష్టములలో హెచ్చుభాగము గడపలోపల నుండువారివి. మావారి ప్రయాణము తగ్గును, అమ్మాయి చదువు సాగును. కొళాయివేళకు మేల్కొనుట, పొయ్యి యెదుట ఉడుకు, మాటాడుటకు మనిషిలేని మధ్యాహ్నము మాకును అత్తగారికిని మిగులును. ఇట్లనుట పోరాదని కాదు. లాభములలో కొంత గడపలోపలికి తెచ్చినగాని లెక్క సరిపడదని మాత్రమే.

ఇంటిల్లిపాదియు కదలనేల, అమ్మాయిని వసతిగృహమున చేర్చరాదా యని బంధువులు అడిగిరి. అదియు విచారించితిమి. మేము చూచిన యొకచోట ఒక్కగదిలో పండ్రెండు మంచములు. రాత్రి పదిగంటలవరకు చదువు. తల్లిదండ్రులను చూచుట నెలకొకసారి. తిండికిని చదువుకును కలిపి సంవత్సరమునకు లక్షన్నర. నెలకు 11,000 రూపాయల ఇల్లు తీసికొన్నచో ఏటికి 1,32,000; ఇంటినుండి పోయివచ్చు పిల్లకు కళాశాలరుసుము 50,000; వెరసి 1,82,000. భేదము 32,000. హెచ్చిన భత్యము అందులో కొంత పూడ్చును. ఆ మిగిలినదానికి బిడ్డ మా కన్నులయెదుట నుండును.

కుటుంబము రెండుచోట్ల నుండుటలోని కష్టము మాకు తెలియనిది కాదు. 2014 లో రాష్ట్రము విడిపోయిన పిదప, 2016 లో సచివాలయోద్యోగులు హైదరాబాదునుండి వెలగపూడికి తరలినప్పుడు, పిల్లల చదువులకై ఆలుబిడ్డలను అక్కడనే యుంచి తామొక్కరే వచ్చినవారు పెక్కుమంది. వారికొరకై వారమునకు ఐదుదినముల పని యేర్పడినను, శుక్రవారపు ప్రయాణములతో వారి ఓపిక కరగిపోయినది. ఆ బ్రతుకు మాకు వలదనుకొంటిమి.

ఇక ఇంటివేట. మొదట చూచినది సింగునగరులో నేలయిల్లు. అద్దె 7,000. గదులు పెద్దవి, సున్నము క్రొత్తది. సంతోషముతో తిరిగివచ్చి చెప్పగా మా అత్తగారు ఒక్కటే ప్రశ్న వేసిరి: “గోడ చూశావా, అమ్మాయీ?”

ఆ మాట వెనుక నున్నది 1977 నవంబరు 19 వ తేది. ఆనాడు ఉప్పెన దివిసీమపై బడి పదివేలకు తక్కువకాని ప్రాణములను గొనిపోయినది. అప్పటికామె పందొమ్మిదేండ్ల క్రొత్తకోడలు. మేడపై నెక్కి ఆమె బ్రతికెను. సముద్రపుదరి పుట్టింట తండ్రియు, చిన్నతమ్ముడును దక్కలేదు. నీరు దిగిన తరువాత గోడలపై నిలిచిన గీతను ఆమె నేటికిని మరువలేదు.

మరునాడు అమ్మాయిని వెంటబెట్టుకొని మరల పోయితిమి. బీరువా వెనుక సున్నము వేయని చోట మా రొమ్ముయెత్తున మట్టిగీత యుండెను. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదుల కుండపోతకు బుడమేరునకు గండ్లుపడి సింగునగరు, పాయకాపురము మొదలగు పేటలు దినములతరబడి నీట నానినవని ప్రక్కయింటి యిల్లాలు దాచక చెప్పెను. ఆ దినములలోనే బ్యారేజివద్ద కృష్ణ పదకొండు లక్షల క్యూసెక్కులు మించి పారినది. మిట్టయైనచో మేలని మొగల్రాజపురము చూచితిమి. ఆ వానలకే అక్కడ కొండచరియ విరిగి ఇండ్లపై బడి కొందరు మరణించిరని విని, కొండను ఆనుకొనియున్న యిల్లు వలదంటిమి. నీటికి వెరచి మేడ కోరితిమి. అత్తగారి మోకాళ్లకు వెరచి నేల కోరితిమి. తుదకు పటమటలో మొదటి అంతస్తు, పదునెనిమిది మెట్లు, అద్దె 11,000: ఇది సంధి. నెలకు నాలుగువేలు హెచ్చిచ్చుట వ్యర్థమని మావారు మొదట అనిరిగాని, గోడమీది గీత చూచిన పిమ్మట మారుపలుకలేదు.

ఇంతలో మరియొక సలహా వచ్చెను: ఇల్లును పొలమును అమ్మి, మిగిలినదానికి అప్పుచేసి బస్తీలో వాటా కొనుడని. ఆ రాత్రి అత్తగారు భోజనము ముట్టలేదు. అడుగగా, “నేను రానని కాదమ్మా. వెనక్కి రావడానికి చోటు లేకుండా చేస్తారేమోనని” అనిరి. ఆమె భయము మా భయమే యని మాకప్పుడు తెలిసినది. మరునాడు మావారితో నాలుగు షరతులు చెప్పితిమి. ఇల్లు అమ్మరాదు, తాళపుచెవి అత్తగారివద్దనే యుండవలెను. ఒక సంవత్సరము చూచినగాని శాశ్వతమను మాట తలపెట్టరాదు. తెల్లవారుజామున కొళాయినీరు పట్టుట మావారిదియు, చిన్నవానిదియు. వారమునకు రెండు సాయంకాలములు మావి. వారు నాలుగవదానికి నవ్విరిగాని, నాలుగింటికిని ఒప్పుకొనిరి.

జూనులో కాపురము పెట్టితిమి. లెక్కలో మరచినవి రెండు వెంటనే కనబడినవి. మొదటిది విద్యుత్తు: పెంకుటింట ఒక పంకాతో గడచిన మాకు, కాంక్రీటు కప్పు క్రింద మూడు పంకాలు రేయింబవళ్లు తిరుగవలసివచ్చెను. రెండవది బంధువులు. ఆసుపత్రికని, పరీక్షకని, దుర్గమ్మ దర్శనమునకని వచ్చువారందరికిని మాయిల్లే విడిదియైనది. పొలమునుండి తెచ్చుకొన్న బియ్యపుబస్తా పల్లెలో వచ్చినన్నినాళ్లు రాలేదు. వచ్చినవారిని ప్రేమతో ఆదరింపవలసినదేగాని, ఆ పద్దు ముందుగా వ్రాసికొనుట మంచిది.

లెక్కలోనికి రాని లాభములును కలవు. మావారు ప్రొద్దుగల వేళనే ఇల్లుచేరి పిల్లలచెంత కూర్చుండుచున్నారు. రెండేండ్లుగా వాయిదాపడుచున్న అత్తగారి కంటి శస్త్రచికిత్స ఆగస్టులో జరిగినది. మా రెండు సాయంకాలములలో నొకటి పుస్తకములకు ఇచ్చితిమి. అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికచే 1914 లో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు సభతీర్చిన ఊరిది. 1989 మొదలు పుస్తకప్రదర్శనము జరుగుచున్న ఊరును ఇదియే. నాన్నగారివద్ద ప్రబంధములు చదువుకొని, పెండ్లియైన తరువాత వానిని పెట్టెలో పెట్టిన మాకు, నలుగురి నడుమ బల్లయొద్ద కూర్చుండి చదువుట మొదటిదినము సిగ్గుగా నుండెను. ఇప్పుడు ఆ సాయంకాలమునకై ఎదురుచూచుచున్నాము.

అత్తగారి నష్టము మాత్రము తీరలేదు. ఒకనాడు ఆమె బాల్కనీలో కూర్చుండి, “ఊళ్లో పిన్నీ అనీ అత్తా అనీ వీధివీధంతా పిలిచేవాళ్లు. ఇక్కడ నేను మొదటి అంతస్తు మామ్మగారిని” అనిరి. ఈ నష్టమును ఏ గడిలో వ్రాయవలెనో లెక్కల మాష్టారికిని తోచలేదు. 2025 ఆగస్టు 15 మొదలు స్త్రీలకు ఆర్టీసీ పల్లెబస్సులలో టిక్కెట్టు లేకుండుటచే, కన్ను కుదుటబడినది మొదలు ఆమె నెలలో సగము అవనిగడ్డలో నుండి, మునగకాడలు గోగుకూరతో పండిట్ నెహ్రూ బస్సు స్టేషనులో దిగుచున్నారు. కోడలినిగా మాకు దిగులే. ఒంటరిగా రాత్రి యెట్లున్నారోయని పడుకొనబోవుముందు ఫోనుచేయని దినము లేదు. కాని ఆ తాళపుచెవి ఆమె కొంగుననుండుట చూచినప్పుడు, ఇల్లు అమ్మకుండుటయే మేము చేసిన మంచిపనులలో మొదటిదని తోచును.

సోదరీమణులారా! పల్లె మంచిదా బస్తీ మంచిదా యని మమ్మడిగినచో ఉత్తరము చెప్పజాలము. అది యింటింటికిని వేరు. కాపురము మార్చునెడల కాగితముపై మూడవగడి తప్పక గీయుడు. ఏ లాభము ఎవరిది, ఏ కష్టము ఎవరిదియని పేరుపేరున వ్రాయుడు. ఇంట మాటాడనివారి పేర మొదట వ్రాయుడు. ఇల్లు చూడబోయినప్పుడు సున్నపు తెలుపును చూచి మురియక బీరువా జరిపి గోడ చూడుడు. మొదటియేడు వెనుకటి తలుపు మూయకుడు. మా గడువు జూనుతో తీరును. అప్పుడు ఆ పాతకాగితము మరల తీసి, ఈసారి అత్తగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, లెక్క మొదటినుండి వేయుదుము.