వైర్‌లెస్ పెట్టెకు ఎవరి తాళంచెవి వారిదే



నేడు చాలా సంఘాలలో పాల కొలత, వెన్న శాతం కంప్యూటరులో నమోదవుతున్నవి. కంప్యూటరును, సెల్‌ఫోన్లను తీగ లేకుండా కలిపే పెట్టెను యాక్సెస్ పాయింట్ అంటారు. పలమనేరు వైపు ఒక సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు దాని పాస్‌వర్డును రేట్ల బోర్డు పక్కనే సుద్దముక్కతో రాసి ఉండగా చూచాను. పని మానిన టెస్టరుకూ అదే, దారిన పోయేవారికీ అదే!

అందరికీ ఒకే పాస్‌వర్డు ఉంటే, ఒకరు మానినప్పుడల్లా అన్ని ఫోన్లలోనూ మార్చవలసి వస్తుంది. 2004లో వచ్చిన డబ్ల్యుపిఎ2 పద్ధతిలో 'ఎంటర్‌ప్రైజ్' రకమున్నది. ఇందులో ఎవరి పేరు, ఎవరి పాస్‌వర్డు వారిదే. సభ్యుల పాస్‌పుస్తకం వలె, ఒకరిది రద్దయినా మిగిలినవారికి ఇబ్బంది లేదు.

ఈ పేర్లను సాధారణంగా రేడియస్ అనే వేరొక సర్వరు సరిచూస్తుంది. కొన్ని పెట్టెలలో ఆ జాబితా లోపలే ఉంటుంది. ఇళ్ళలో వాడే చవక రకాలలో ఈ సౌకర్యం సాధారణంగా ఉండదు, అడిగి కొనవలెను.

చేయవలసిన పనులు:

1. పెట్టెతో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డును ముందుగా మార్చవలెను.

2. సెక్యూరిటీలో డబ్ల్యుపిఎ2 ఎంటర్‌ప్రైజ్‌ను, సరిచూచేందుకు పెట్టెలోని లోకల్ జాబితాను ఎంచుకొనవలెను.

3. కార్యదర్శి, టెస్టరు మొదలైనవారిని విడివిడిగా చేర్చవలెను.

4. సెట్టింగుల నకలు భద్రపరచవలెను. రీసెట్ చేస్తే జాబితా చెరిగిపోతుంది.

5. పని మానినవారి పేరు ఆ రోజే తీసివేసి, మినిట్స్ పుస్తకంలో రాయవలెను.

ఇది పెట్టెకు మాత్రమే కాపలా. కంప్యూటరులోని పాల లెక్కలకు వేరే పాస్‌వర్డు తప్పనిసరి. లెక్క తారుమారైతే నష్టపోయేది తెల్లవారుజామున పాలు తెచ్చి పోసిన రైతే.