చిన్న ఆటలకు చిల్లర ఆసరా
ఖాళీ జేబుల నుంచి ఖాళీ జేబులకు... మధ్యలో నిబంధనల గోడ

న్యూఢిల్లీ: 1990 దశకంలో రాజధానిలోని నెహ్రూ ప్లేస్‌లో కంప్యూటర్ కొన్నవారికి ఒక అనుభవం తప్పనిసరిగా ఉండేది. యంత్రం అమ్మిన దుకాణంలోనో, బయట గట్టుమీద దుప్పటి పరచుకుని కూర్చున్న కుర్రవాని వద్దనో విదేశీ ఆటల నకళ్లు మొదట ఫ్లాపీలలో, అటుపైన సీడీలలో కారుచౌకగా లభించేవి. కన్నాట్ ప్లేస్ దిగువన ఉన్న పాలికా బజార్‌లోనూ ఇదే తంతు. ఈ రెండు అంగళ్లూ అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ప్రకటించే పేరుమోసిన నకిలీ మార్కెట్ల జాబితాకు ఎక్కాయి. కొనుగోలుదారు ఎంతో కొంత సొమ్ము చెల్లించేవాడు. నకలు తీసినవానికి లాభం వచ్చేది. ఆట తయారుచేసిన వానికి మాత్రం దమ్మిడీ ముట్టేది కాదు.

ఆ ఫ్లాపీల కాలం పోయింది. నకలు తీసేవాని అవసరమూ చాలావరకు తీరిపోయింది. ఈనాడు లక్ష్మీనగర్‌లోనో రాజేంద్రనగర్‌లోనో ఇరుకు గదిలో అద్దెకుంటూ పోటీ పరీక్షలకు చదువుకునే యువకుడు పైసా ఖర్చు లేకుండా తన ఫోనులో వందలాది ఆటలు దించుకోగలడు. వాటిలో అధికభాగం పెద్ద కంపెనీలవి. ప్రకటనలతోనో, ఆట మధ్యలో అమ్మే వస్తువులతోనో అవి తమ ఖర్చు రాబట్టుకుంటాయి. ఇవి కాక మరో తరహా ఆటలున్నాయి. ఒక్కరో, ఇద్దరో, మహా అయితే పదిమందో కలిసి, ఏ పెద్ద సంస్థ పెట్టుబడీ లేకుండా, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు మేలుకుని రూపొందించేవి. వీటిని కొందరు ఉచితంగానే ఇచ్చి, ‘నచ్చితే తోచినంత ఇవ్వండి’ అని విన్నవించుకుంటారు. ఇవ్వవలసినవాని జేబే ఖాళీగా ఉన్నప్పుడు ఈ విన్నపం ఏ మేరకు ఫలిస్తుందన్నదే ప్రశ్న.

చిన్న రూపకర్తకు దక్కేదెంతో చూస్తే సమస్య తీవ్రత అర్థమవుతుంది. కంప్యూటర్ ఆటల విక్రయంలో అగ్రస్థానంలో ఉన్న స్టీమ్ అనే అమెరికా అంగడిలో ఒక ఆటను ప్రవేశపెట్టాలంటే ముందుగా 100 డాలర్లు కట్టాలి. అమ్మకాలు 1,000 డాలర్లకు చేరిన తరువాతే అది తిరిగి వస్తుంది. అమ్మకంలో అంగడి వాటా సాధారణంగా 30 శాతం. ఢిల్లీలో ఒకరు 100 రూపాయలు పెట్టి ఆట కొన్నారనుకుందాం. అందులో 18 శాతం జీఎస్‌టీ కలిసి ఉన్న పక్షంలో పన్ను పోగా మిగిలేది దాదాపు 85 రూపాయలు, అంగడి వాటా పోగా చేతికందేది 59. దానిపై ఆదాయపు పన్ను వేరు. పైగా కొన్న 14 రోజులలోగా, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే, కొన్నవారు సొమ్ము వాపసు కోరవచ్చు. కొనుగోలుదారుకు ఇది మంచి రక్షణే. కాగా గంటన్నరలో పూర్తయ్యే ఆట తయారుచేసినవానికి ఇదే శాపం. ‘సమ్మర్ ఆఫ్ 58’ అనే చిన్న ఆటను రూపొందించిన ఎమికా గేమ్స్ 2021లో ఈ కారణం చెప్పే వృత్తి నుంచి కొంతకాలం తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. మంచి సమీక్షలు రాసినవారిలోనూ సొమ్ము వెనక్కి తీసుకున్నవారున్నారని వాపోయింది.

ఇచ్ డాట్ ఐఓ అనే మరో అంగడి 2013లో వెలసింది. అక్కడ వాటా ఎంతన్నది రూపకర్తే నిర్ణయిస్తాడు. ఏమీ చెప్పకపోతే 10 శాతం. ధర సున్నా పెట్టి పక్కనే విరాళపు మీట ఉంచవచ్చు. 2020 జూన్‌లో అమెరికాలో జాతి న్యాయం కోసం సాగిన ఉద్యమానికి మద్దతుగా ఈ అంగడిలోని రూపకర్తలు తమ ఆటలను ఒక మూటగా కట్టి, కనీసం 5 డాలర్లు, ఆపైన ఎవరికి తోచినంత వారు ఇవ్వవచ్చునన్నారు. 80 లక్షల డాలర్లకు పైగా పోగయింది. ఒక్క డాలరు కూడా రూపకర్తలు ఉంచుకోలేదు. తమకే కటకటగా ఉన్నవారు అలా ఇచ్చివేయడం విశేషమే.

మరుగుజ్జుల కోట

విరాళాలపై బతికిన ఆట అనగానే ప్రపంచవ్యాప్తంగా వినవచ్చే పేరు ‘డ్వార్ఫ్ ఫోర్ట్రెస్’. అమెరికాకు చెందిన టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు 2002లో దీనికి శ్రీకారం చుట్టారు. టార్న్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రంలో డాక్టరేట్ పొందినవాడు. అధ్యాపక మార్గాన్ని వదులుకుని 2006లో పూర్తికాలం ఈ పనికే అంకితమయ్యాడు. ఆట తొలిరూపం ఆ ఏడాది ఆగస్టులో ఉచితంగా వెలువడింది. బొమ్మలు లేవు, అక్షరాలే బొమ్మలు. ఒక అక్షరం మరుగుజ్జు, ఒక గుర్తు చెట్టు. అయినా కొండను తొలిచి కోట కట్టే మరుగుజ్జుల జీవితం, వారి అలకలు, కల్లుకొట్టు గొడవలతో సహా అంత వివరంగా సాగే ఆట మరొకటి లేదని అభిమానులు మురిసిపోయారు. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 2013లో దీనిని ప్రదర్శనకు పెట్టింది.

ఇంత పేరు వచ్చినా అన్నదమ్ముల జీవనాధారం చందాలే. విరాళం పంపినవారికి బదులుగా క్రేయాన్లతో గీసిన బొమ్మనో, చిన్న కథనో వారు పంపేవారు. ఏళ్ల తరబడి ఇల్లు గడిచింది. జాక్‌కు క్యాన్సర్ సోకడంతో లెక్క తారుమారైంది. చికిత్స జరిగి ఆయన కోలుకున్నారు. అయితే అమెరికాలో ఆసుపత్రి ఖర్చు సంగతి తెలిసినదే. అంతటి వ్యాధి మరోమారు వస్తే చందాలతో తట్టుకోలేమని గ్రహించిన సోదరులు 2019 మార్చిలో ఒక నిర్ణయం ప్రకటించారు. బొమ్మలు చేర్చి, కిట్‌ఫాక్స్ గేమ్స్ అనే ప్రచురణ సంస్థ ద్వారా ఆటను ధర పెట్టి అమ్ముతామన్నారు. 2022 డిసెంబర్ 6న అది మార్కెట్‌లోకి వచ్చింది. ఆ నెలకు వారి రాబడి 15,000 డాలర్ల పై చిల్లర; అమ్మకాల సొమ్ము చేరిన 2023 జనవరి నెలకు 72 లక్షల డాలర్లు దాటింది.

ఈ కథను రెండు రకాలుగా చదువుకోవచ్చు. చందాలు రూపకర్తకు చాలవనేందుకు ఇది నిదర్శనం. అదే సమయంలో, పదహారేళ్లపాటు ఎక్కడెక్కడి అపరిచితులో అయిదూ పదీ డాలర్లు పంపకపోతే అమ్మడానికి ఆటే మిగిలేది కాదు. రెండోదే సరైన పఠనం అనిపిస్తుంది.

మన దేశంలో

భారతీయ అనుభవం మిశ్రమంగా ఉంది. అంతర్జాతీయ సభ్యులతో కూడిన పైరోడాక్టిల్ అనే భారతీయ బృందం 2013లో ‘అన్‌రెస్ట్’ అనే ఆట కోసం కిక్‌స్టార్టర్ వేదికపై చందా కోరింది. కరవు పీడించే ప్రాచీన భారత నగరంలో సామాన్యుల కథ అది. అడిగింది 3,000 డాలర్లు. వచ్చింది 36,000 డాలర్లకు పైమాటే. మరుసటి సంవత్సరం ఆట విడుదలైంది. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ కథ వేరు. ‘రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్’ కోసం అదే వేదికపై 2017లో అంతకు అనేక రెట్లు పెద్ద మొత్తాన్ని లక్ష్యంగా పెట్టుకుని విఫలమైంది. లక్ష్యం చేరకపోతే అక్కడ ఒక్క పైసా చేతికి రాదు. వ్యవస్థాపకులలో ఒకరు ఇల్లు అమ్మి బృందాన్ని నిలబెట్టారు. అటుపైన ఎపిక్ గేమ్స్ నుంచి గ్రాంటు, ఆ తరువాత ప్రచురణ సంస్థ అండ లభించి 2020లో ఆట వెలుగు చూసింది. ఆ ఏటి గేమ్ అవార్డులలో ఉత్తమ తొలి ప్రయత్నం విభాగంలో నామినేషన్ పొందింది. ఇల్లు అమ్ముకోగలిగిన వ్యవస్థాపకుడు అన్ని బృందాలకూ ఉండడు. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ను విడుదల చేసినప్పుడు అదీ గుప్పెడు మంది పనే.

నిజానికి చిల్లర చందాతో కళను బతికించడం ఈ దేశానికి కొత్త కాదు. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘మంథన్’ చిత్రానికి గుజరాత్‌లోని 5 లక్షల మంది పాల రైతులు తలా 2 రూపాయలు ఇచ్చారు. వారిలో ధనికులెవరూ లేరు. సహకార సంఘానికి పాలు పోసే చోటే ఆ 2 రూపాయలూ వసూలు కావడంతో ఇవ్వడానికి వేరే శ్రమ అక్కరలేకపోయింది. తెలుగులో 2018లో వచ్చిన ‘మను’ చిత్రమూ ప్రేక్షకుల చందాలతో రూపొందినదే.

ఆ శ్రమ లేకపోవడమన్నదే ఇక్కడ కీలకం. ఈనాడు ఢిల్లీలో పానీపూరీ బండివాడు సైతం 10 రూపాయలను యూపీఐ ద్వారా తీసుకుంటున్నాడు. 2020 జనవరి నుంచి ఆ చెల్లింపులపై వ్యాపారి నుంచి బ్యాంకులు రుసుము వసూలు చేయరాదన్న నిబంధన ఉన్నందున ఆ 10 రూపాయలూ పూర్తిగా అతనికే చేరతాయి. చిన్న విరాళానికి ఇంతకంటె అనువైన సాధనం ప్రపంచంలో అరుదు. కాగా చిన్న ఆటలకు విరాళాలు పోగయ్యే వేదికలు దాదాపుగా విదేశీవి. వాటిలో స్టీమ్ యూపీఐని స్వీకరిస్తుంది కాని అది అంగడే తప్ప హుండీ కాదు. కిక్‌స్టార్టర్‌లో చందా కోరేందుకు అర్హమైన దేశాల జాబితాలో భారత్ లేదు. ఇక పేపాల్ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో దేశీయ చెల్లింపులను నిలిపివేసింది. ఫలితంగా గురుగ్రామ్‌లోని రూపకర్తకు న్యూజెర్సీలోని అభిమాని పేపాల్ ద్వారా డబ్బు చెల్లించవచ్చు. మెట్రోలో గంట ప్రయాణం దూరంలో ఉన్న నోయిడా అభిమాని మాత్రం ఆ దారిన చెల్లించలేడు! రూపకర్త తన యూపీఐ గుర్తును విడిగా ప్రకటించుకుంటే తప్ప వారిద్దరి మధ్య సూటి దారి లేదు.

ఇలా వచ్చినది కానుకా, ఆదాయమా అన్న మీమాంస మరొకటి. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చిన కానుకలు 50,000 రూపాయలు దాటితే ఆ మొత్తమంతా పన్నుకు లోబడుతుంది. ఆటకు ప్రతిఫలంగా వచ్చినదైతే అది వృత్తి ఆదాయమే. ఇచ్చినవారికి ధర్మసంస్థలకు ఇచ్చినప్పటి పన్ను మినహాయింపు రాదు. వాడుకలో విరాళం అంటున్నా చట్టం దృష్టిలో ఇది దానం కాదు.

ఇవ్వదలచినవారి వైపు నుంచి చూస్తే కొన్ని జాగ్రత్తలు అవసరం. అద్దె, మెస్ బిల్లు, ఇంటికి పంపవలసిన సొమ్ము తీరిన తరువాతే ఈ ఖర్చు. అప్పు చేసి, క్రెడిట్ కార్డు బాకీ పెంచుకుని ఎవరినీ పోషించనవసరం లేదు. ఏ రూపకర్తా అది కోరడు. నెలనెలా తెగే చందా కంటె, ఆట పూర్తిగా ఆడి, నచ్చిన తరువాత ఒక్కసారి ఇచ్చే 50 రూపాయలు మేలు. నెలవారీ చందా కట్టినవారికి రిజర్వు బ్యాంకు 2021 అక్టోబర్ నుంచి అమలుచేసిన నిబంధన ఉపకరిస్తుంది: సొమ్ము తెగడానికి 24 గంటల ముందు బ్యాంకు సమాచారం పంపాలి. ఆ సందేశాన్ని చదవకుండా తోసివేయకపోవడం మంచిది. ఇంకా తయారుకాని ఆటకు ఇచ్చే చందా, నడుస్తున్న ఆటకు ఇచ్చే చందా ఒకటి కావు. మొదటిదానిలో ఆట ఎప్పటికీ రాకపోయే అవకాశం ఉంది. కిక్‌స్టార్టర్ కూడా పూచీ పడదు.

అసలు డబ్బే లేనివారు చేయగల సాయమూ ఉంది. స్టీమ్‌లో 10 సమీక్షలు చేరితే తప్ప ఆటకు మంచిచెడ్డల మార్కు కనిపించదు. తొమ్మిది సమీక్షలున్న ఆటకు పదోది రాసినవాడు 50 రూపాయలు ఇచ్చినవాని కంటె తక్కువ మేలు చేసినట్టు కాదు. లోపాలను వివరంగా రాసి పంపడం, తెలుగు అనువాదం చేసిపెట్టడం కూడా ఇటువంటివే.

ప్రభుత్వం చేయూతనివ్వకూడదా అన్న ప్రశ్న సహజం. యానిమేషన్, గేమింగ్ రంగాలపై కేంద్రం 2022లో కార్యదళాన్ని నియమించింది. 2024లో జాతీయ ప్రతిభా కేంద్రానికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. నిర్ణయం ఢిల్లీలో, సంస్థ ముంబయిలో. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పందెపు ఆటలను నిషేధించగా, గురుగ్రామ్‌కు చెందిన జుపీ వంటి సంస్థలు డబ్బు ఆటలను నిలిపివేశాయి. ఆ ఆటలలో ఏటా 45 కోట్ల మంది సుమారు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నది అప్పట్లో ప్రభుత్వ వర్గాల అంచనా. జేబులు ఖాళీ అన్న మాటను ఈ అంకె పక్కన పెట్టి చూడవలసి ఉంటుంది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని సామాజిక ఆటలను ప్రోత్సహిస్తామని చెప్పింది. ఇద్దరు ముగ్గురు కూడి చేసే ఆటకు ఆ ప్రోత్సాహం ఏ దారిన చేరాలన్నది ఇకపై తేలవలసి ఉంది.

ఆడమ్స్ సోదరుల ఆట విషయానికి వస్తే, లక్షల డాలర్ల అమ్మకాల అనంతరం కూడా అక్షరాలతో కూడిన పాత రూపాన్ని వారు ఉపసంహరించలేదు. కావలసినవారు దానిని నేటికీ ఉచితంగానే దించుకోవచ్చు.