నాపా లోయలో నాలుగు గుక్కలు

మొన్న ఫిబ్రవరి చివరి శనివారం మేము నాలుగు కుటుంబాల వాళ్లం రెండు వ్యానుల్లో బయలుదేరి నాపా లోయ చూసి వచ్చాం. కాలిఫోర్నియాలో ఇన్నేళ్లుగా ఉంటున్నా, వచ్చిన ప్రతి చుట్టాన్నీ గోల్డెన్ గేట్ వంతెనకీ లివర్‌మోర్ గుడికీ తిప్పి పంపడమే గాని, రెండు గంటల దారిలో ఉన్న ఈ లోయ వైపు తొంగి చూడలేదు. కారణం పాఠకులకు తెలియనిది కాదు. పెద్దవాళ్లతో వెళ్లే చోటు కాదది. ఈసారి కూడా మాలో ఒకరి పిన్నిగారు నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఉన్నారు. ప్రయాణం మానుకుందామా అని మేం తర్జనభర్జన పడుతుంటే ఆవిడే తేల్చేశారు. "నేనూ వస్తాను పదండి. తాగేవాళ్లని చూడని కళ్లా ఇవి?"

ఆ నెలలో ద్రాక్షతీగెలకు ఆకు ఉండదు. నల్లటి మోడులు బారులు తీరి ఉంటాయి. కాని బారుల మధ్య నేలంతా పచ్చగా ఆవపూత! నేలకు బలమని పెరగనిచ్చి, వసంతంలో దున్నేస్తారట. "ఇంత ఆవ పండించి ఒక్క గింజ ఇంటికి తెచ్చుకోరా?" అని పిన్నిగారు నొచ్చుకున్నారు. ఆవకాయ పెట్టే చేయి మరి.

రుచి చూపించే గదిలో మమ్మల్ని మొదట తికమక పెట్టింది బల్లమీది పాత్ర. తెల్లదొర ఒకాయన గ్లాసు ఎత్తి వాసన చూసి, ఓ గుక్క పుక్కిలించి అందులో ఉమ్మేశాడు. మనవాళ్ల పాత ఇళ్లల్లో తాంబూలం ఉమ్మేందుకు ఉండే తమ్మపడిగే ఇది. డబ్బిచ్చి కొన్నది ఉమ్మడానికి మాకెవరికీ మనసొప్పలేదు. ఆ పూట బండి నడపవలసిన ఇద్దరు మాత్రం బుద్ధిగా ఉమ్మారు, లేదా అసలు ముట్టలేదు. రక్తంలో 0.08 శాతం దాటితే ఈ రాష్ట్రంలో నేరమన్న సంగతి ఎవరూ మరవకూడదు.

మొదట షార్డొనే. లేత బంగారు రంగు. పోసినమ్మాయి పియర్సు పండు, వనిల్లా అని ఏదో చెబుతోంది గాని, మా శ్రీమతులందరికీ ఒకేసారి తోచింది వెన్న వాసన. ఆరా తీస్తే నిజమే. పచ్చి ఆపిల్‌లో ఉండే పులుపును బాక్టీరియా పాల పులుపుగా, అంటే మన పెరుగులో ఉండే పులుపుగా మారుస్తుందట. ఆ పనిలో పుట్టే పదార్థమే వెన్న వాసనకు మూలం. తోడు పెట్టడం మనకు కొత్తా?

గెవుర్ట్స్‌ట్రామినర్ అని నోరు తిరగని పేరుగల తెల్లవైను మాకు బాగా నచ్చింది. లిచీపండూ, గులాబీ అత్తరూ కలిపినట్టుంది. బయట చెట్టుకింద పులిహోర విప్పాక ఆ కారానికీ పులుపుకీ తట్టుకు నిలిచింది ఇదొక్కటే. ఎర్ర కాబర్నె మీద ఆవకాయ ముక్క కొరికిన సాహసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మద్యం మిరపకాయ మంటను ఆర్పదు, ఎగదోస్తుంది.

కాబర్నె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1976లో పారిస్‌లో పేర్లు కప్పిపెట్టి రుచి చూపిస్తే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే ఈ లోయలో తయారైన 1973 నాటి కాబర్నెకూ షార్డొనేకూ మొదటి స్థానాలిచ్చారు. అంతటి ఘనతగల రసం మా నాలుకకు ఎలా ఉందంటే, కరక్కాయ నమిలినట్టుంది. పక్కవాళ్లు దాన్ని "పొడిగా ఉంది", "గట్టిగా ఉంది" అంటూ మాటలకోసం వెతుక్కుంటున్నారు. మనకు వగరు అని ఒక్క మాట ఉంది! ఉగాది పచ్చట్లో మామిడిపిందె తిన్నవాడికి దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. ఎర్ర వైను తొక్కలతో గింజలతో కలిపి పులియబెడతారు గనక ఆ వగరు దిగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది. తెల్లదానికి ముందే పిండి తొక్క తీసేస్తారు.

జిన్ఫండెల్ మాకు నేరేడుపండు. ఇది ఇక్కడి ద్రాక్షేనని చాలాకాలం గర్వంగా చెప్పుకున్నారు. క్రొయేషియాలోని పాత రకమూ ఇదీ ఒకటేనని 2001లో జన్యుపరీక్షలో తేలింది.

ఆఖరున తియ్యటి పోర్టు. ఒక చుక్క నాలుక్కి తగలగానే మాలో ముగ్గురం ఒక్కసారే "ద్రాక్షారిష్టం!" అన్నాం. పిన్నిగారు గ్లాసు అందుకుని వాసన మాత్రం చూశారు. "అవును. పురిట్లో నాకు దశమూలారిష్టం పోశారు. అదీ ఇంతేగా" అన్నారు. అరిష్టాల్లోనూ పులియడంవల్ల పుట్టిన మద్యం కొంత ఉంటుందన్నది నిజమే. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

చెట్టుకింద కూర్చున్నాక చెప్పారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకొట్టు మూయించారని తెలిశాక, వాళ్ల ఊళ్లోనూ పాటదారు బండికి అడ్డం కూర్చున్నారట. ఆవిడా కూర్చున్నారు. మరుసటేడు రాష్ట్రమంతటా సారా నిషేధించారు, 1995లో మద్యమంతా నిషేధించారు, 1997లో మళ్లీ సడలించారు. "సారా ఆగింది గాని అప్పటికే మా మరిది పోయాడు. ముప్పై నాలుగేళ్లు."

ఆయన భుజాలమీద తిరిగిన మావాడు పులిహోర ఆకు పక్కన పెట్టేశాడు. "కామెర్లన్నారు కదా పిన్నీ?"

"కామెర్లే అబ్బయా. ఎందుకొచ్చాయో మీకు చెప్పలేదు."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. పిల్లలే రక్షించారు. వాళ్లకోసం కొన్న రూట్ బీరు పిన్నిగారికీ పోశారు. మాకెప్పుడూ అమృతాంజనం వాసనగా తోచే ఆ పానీయాన్ని ఆవిడ తాగి, "సుగంధి సోడాలా ఉందర్రా" అని రెండోసారి పోయించుకున్నారు.

వచ్చేటప్పుడు జిన్ఫండెల్ సీసా ఒకటి కొన్నాం. అలవాటు చొప్పున మావాడు దాన్ని బియ్యం బస్తా వెనక పెట్టబోతే పిన్నిగారు చూశారు. "దాచడం దేనికి? బల్లమీద పెట్టు. పిల్లలు అడిగితే మీ చిన్నతాత సంగతి కూడా చెప్పు." సీసా ఇప్పుడు గోంగూర జాడీ పక్కన ఉంది. బిరడా తీసే పరికరం నాలుగిళ్లలో ఎవరి దగ్గరా లేదని ఆ రాత్రే తెలిసింది. ఇంతవరకు ఎవరూ కొనలేదు.