మలుపులందు కారు చేయు ధ్వనులు: దోషనిర్ణయము, నివారణము

తిన్నని బాటపై నిశ్శబ్దముగ సాగు కారు, మలుపు తిరుగునపుడు మాత్రమే మ్రోగుట పలువురకు అనుభవమే. ఆ మ్రోత కొన్ని యెడల కేవలము శ్రవణబాధ. కొన్ని యెడల ప్రాణాపాయసూచన. ఈ రెంటిని వేరుపరుపక మరమ్మతునకు పూనుకొన్నచో చెడని భాగములు మారును, చెడిన భాగము మిగులును. కావున ధ్వని పుట్టు తావును ముందుగ నిర్ణయింపవలెను.

మలుపులోనే ఏల మ్రోగును?

బండి బరువును మోయుచు బాట కుదుపులను అణచు ఏర్పాటునకు సస్పెన్షన్ అని పేరు. స్ప్రింగులు, షాకబ్జార్బరులు, ఆర్ములు, వానిని చక్రములతో కలుపు బాల్ జాయింట్లు, రబ్బరు బుష్షులు ఇందలి ముఖ్యాంగములు. తిన్నగ పోవునపుడు ముందు చక్రముల కీళ్ళు పక్కకు తిరుగు పని స్వల్పము. మలుపునందు అవి బాగుగ తిరుగును. బండి బరువు వెలుపలి చక్రములపైకి ఒరగును. అరిగిన కీలు అప్పుడు బయటపడును.

బండి నిర్మాణమునుబట్టియు దోషము మారును. 1950 దశకమున మొదలై 2014 లో తయారీ ఆగిన అంబాసిడరులో ఇంజను శక్తి వెనుక చక్రములకు అందెడిది. 1983 లో వచ్చిన మారుతి 800 లో శక్తి ముందు చక్రములకే అందినది. నేటి చిన్న కార్లలో అధికభాగము ఈ పద్ధతివే. ముందు చక్రము పక్కకు తిరిగినపుడును ఇంజను శక్తి తెగక అందుటకై వీనిలో సీవీ జాయింటు అను కీలు ఉండును. అంబాసిడరు ముందు చక్రమునకు ఈ కీలు లేదు. కావున దాని వ్యాధియు లేదు.

పరీక్షకుని మొదటి ప్రశ్న ఇది: ధ్వని దేనిని అనుసరించుచున్నది? స్టీరింగు త్రిప్పు చేతినా, తిరుగు చక్రమునా, బాట గుంతలనా?

చేతిని అనుసరించు ధ్వని

బండి నిలిచియుండగనే స్టీరింగు త్రిప్పినంత "టంగు"మని స్ప్రింగు విదిలించుకొన్నట్లు మ్రోగినచో, స్ట్రట్ పైకొన యందలి మౌంటు బేరింగు బిగిసినదని అనుమానింపవలెను. ఒకరు స్టీరింగు త్రిప్పుచుండ, వేరొకరు స్ప్రింగుపై మెల్లగ చేయి ఆనించినచో ఆ కుదుపు తెలియును. మౌంటును బేరింగుతో సహా మార్చుటయే నివారణము.

"కిర్రు"మను ధ్వని వచ్చుచు, గుంతలందును వినవచ్చినచో బాల్ జాయింటును చూడవలెను. చక్రమును జాకీతో లేపి, బండిని గట్టి స్టాండుపై నిలిపి, చక్రము పైకొనను క్రిందికొనను పట్టి ఊపవలెను. కీలు వద్ద వదులు కనబడినచో అది అరిగినది. చక్రమును కుడియెడమల పట్టి ఊపినపుడు మాత్రమే వదులు తోచినచో స్టీరింగు రాడ్డు కొన అరిగియుండవచ్చును. నేటి కీళ్ళు చాలవరకు మూసివేయబడినవి; గ్రీజు ఎక్కించి ధ్వనిని అణచుట చికిత్స కాదు, వ్యాధిని మరుగుపరచుట. అరిగిన బాల్ జాయింటు ఊడినచో చక్రము ఒరిగిపోయి బండి అదుపు తప్పును. అట్టి బండిని నడుపరాదు.

చక్రమును అనుసరించు ధ్వని

వేగము హెచ్చినకొలది "టకటక" త్వరితమగుచు, మలుపులో యాక్సిలరేటరు త్రొక్కినపుడు బిగ్గరగ వినవచ్చినచో సీవీ జాయింటు అరిగినది. విశాలమైన మైదానమున స్టీరింగును పూర్తిగ త్రిప్పి, మెల్లగ చుట్టు తిరిగి, రెండు వైపుల పరీక్షింపవలెను. సాధారణముగ మలుపునకు వెలుపలి చక్రపు కీలే దోషి. దానిపై రబ్బరు బూటు చినిగి, చక్రము లోపలివైపున గ్రీజు చిమ్మియుండుట సాక్ష్యము. ధ్వని మొదలు కాకమునుపే బూటు మార్చి క్రొత్త గ్రీజు నింపినచో స్వల్పవ్యయముతో తీరును. మొదలైనపిదప కీలునే మార్చవలెను.

"గూ" అను ఎడతెగని నాదము ఎడమకు తిరిగినపుడు హెచ్చినచో కుడి చక్రపు బేరింగును, కుడికి తిరిగినపుడు హెచ్చినచో ఎడమ బేరింగును అనుమానింపవలెను.

బాటను అనుసరించు ధ్వని

ఎగుడుదిగుడు మలుపులలో "గడగడ" మ్రోగునది తరచుగ స్టెబిలైజరు కడ్డీ లింకులు గాని బుష్షులు గాని అయియుండును. వీనిని మార్చుట సులభము, వ్యయమును తక్కువ. కావున పెద్ద భాగములను విప్పుటకు ముందు వీనిని చూచుట వివేకము.

జాగ్రత్తలు

అన్నింటికంటె ముందు చక్రపు నట్లు బిగువుగ నున్నవో లేవో చూడవలెను. జాకీ మాత్రమే ఆధారముగ నున్న బండి క్రిందికి దూరరాదు. స్ప్రింగును అదిమిపట్టు పనిముట్టు లేక స్ట్రట్ పైనట్టు విప్పరాదు. బిగువున నున్న స్ప్రింగు తూటావలె ఎగురును. కీళ్ళు మార్చినపిదప చక్రముల అలైన్‌మెంటు సరిచూడవలెను.

ధ్వనికి పేరు పెట్టుట

"ఏదో చప్పుడు" అన్నచో మెకానిక్కునకు దారి దొరకదు. ఒక్కమారు "టంగు"మన్నదా, "టకటక" అన్నదా, "గూ" అన్నదా చెప్పినచో సగము నిర్ణయము జరిగినట్లే. ఒంటిపదమునకు, జంటపదమునకు గల భేదము ఇచట వ్యాకరణమునకే పరిమితము కాదు. ధ్వన్యనుకరణ పదములు ద్రావిడ, ఆర్యభాషలకు ఉమ్మడి సంపదయని ఎమెనో పండితుడు 1969 నాటి వ్యాసమున నిరూపించెను. హోసూరులో తమిళ మెకానిక్కుతోను, బరంపురములో ఒడియా మెకానిక్కుతోను మాటలు తడబడినను, తెలుగువాని "టకటక" అర్థము కాకపోదు. బాలురు బడిలో పట్టికగ వల్లించు ఈ పదములు, చెవితో కలిసినపుడు ధనమును, ఒక్కొక్కమారు ప్రాణమును కాపాడును.